సిమెంటు ఎండదు, గట్టిపడుతుంది



ఎల్బీనగర్ దాటి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటే, బీఎన్ రెడ్డి నగర్ తర్వాత, ఔటర్ రింగు రోడ్డు ఇంకా రాకముందే తుర్కయాంజాల్ వస్తుంది. రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నం వైపు ఊరు. మాసబ్ చెరువు ఉంది. దాని చుట్టుపక్కల ఒకప్పుడు పొలాలు, ఇప్పుడు వెంచర్లు, ప్లాట్లు, సగం లేచిన గోడలు. ఏ గల్లీలోకి తిరిగినా ఒకచోట పునాది తవ్వుతుంటారు, ఇంకోచోట సెంట్రింగ్ కొడుతుంటారు, ఆ పక్కనే గృహప్రవేశానికి షామియానా వేస్తుంటారు.

పదార్థంలో వచ్చే మార్పులు రెండు రకాలని బడిలో అందరూ చదువుకున్నదే. ఒకటి భౌతిక మార్పు, రెండోది రసాయనిక మార్పు. మంచు కరగడం మొదటిదానికి ఉదాహరణ, కాగితం కాలడం రెండోదానికి. పరీక్షలో మార్కులు పడ్డాక ఆ పాఠాన్ని చాలామంది అక్కడే వదిలేస్తారు. కానీ ఇల్లు కట్టుకునే మనిషికి ఆ పాఠంతో చాలా పని ఉంది. స్లాబు మీద పెట్టిన లక్షల రూపాయలు నిలవడం, నిలవకపోవడం ఈ తేడా తెలియడం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ ప్రసంగం తుర్కయాంజాల్‌లో లేస్తున్న ఒక మామూలు ఇంటి వెంట నడుస్తుంది. పునాది గుంతలో మొదలై, పాలు పొంగించే రోజు మీదుగా, ఇల్లు పాతబడే దాకా.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ఏ మార్పు ఏ రకమో గుర్తుపట్టడానికి చాలామంది నోట వచ్చే సూత్రం ఒకటుంది: వెనక్కి తేగలిగితే భౌతికం, తేలేకపోతే రసాయనికం. వినడానికి తేలికగా ఉంటుంది, గుర్తుపెట్టుకోవడం సులువు. కాని నమ్మి నడిస్తే దారి తప్పిస్తుంది. క్వారీలో బండను పగలగొట్టి కంకర చేస్తారు. ఆ కంకరను మళ్ళీ బండగా ఎవరూ అతికించలేరు. అయినా అది భౌతిక మార్పే, ఎందుకంటే బండలో ఉన్న రాయే కంకరలోనూ ఉంది. మరోవైపు, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. దాంట్లో నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చబడుతుంది. వెనక్కి వచ్చింది కదా అని దాన్ని భౌతిక మార్పు అనడానికి లేదు. పసుపులోని కర్కుమిన్ అనే రంగు పదార్థం సున్నపు క్షారంతో చర్య జరిపి వేరే రూపం తీసుకుంటుంది. పులుపు తగలగానే ఇంకో చర్య జరిగి పాత రూపానికి వస్తుంది. రాకపోకలు రెండూ రసాయనిక చర్యలే.

కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒకటే. మార్పు జరిగాక చేతిలో ఉన్నది పాత పదార్థమేనా, కొత్త పదార్థమా? ఆకారం, పరిమాణం, ఘన ద్రవ వాయు స్థితి ఎంత మారినా పదార్థం అదే అయితే మార్పు భౌతికం. అణువుల కట్టుబడే మారి కొత్త పదార్థం పుడితే రసాయనికం.

ఇక పునాది గుంత దగ్గరికి వెళ్దాం.

తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం ప్రాంతంలో పైన ఎర్ర చెల్క నేల. కొంత లోతుకు పోతే మొరం. ఇంకా కిందికి పోతే గడ్డపారకు లొంగని బండ. హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. బండ, మొరం, ఎర్రమట్టి అనే ఈ మూడు పొరల్లో మన పాఠం మొత్తం రాసి ఉంది. పగటి ఎండకు రాయి వ్యాకోచిస్తుంది, రాత్రి చలికి సంకోచిస్తుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగి జరిగి పైపొర పెచ్చులుగా ఊడుతుంది. హైదరాబాదు గుట్టల మీద పొరలు విచ్చిన గుండ్లు కనిపించడానికి ఇదీ ఒక కారణం. ఊడిన పెచ్చు కూడా గ్రానైటే, ఇది భౌతిక మార్పు. కాని వాన నీళ్ళు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొద్దిగా ఆమ్ల గుణంతో నేల మీద పడతాయి. ఆ నీళ్ళు గ్రానైటులోని ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లమెల్లగా బంకమట్టిగా మార్చేస్తాయి. రాతిలోని ఇనుము గాలితో, నీటితో కలిసి ఇనుప ఆక్సైడు అవుతుంది. నేలకు ఆ ఎర్ర రంగు వచ్చింది దానివల్లే. గుంతలోంచి తీసిన పిడికెడు ఎర్రమట్టిలో ఇనుము తుప్పు ఉందన్నమాట. ఇది రసాయనిక మార్పు. ఎండా వానా రెండూ కలిసి ఒకే బండ మీద పనిచేశాయి. ఒకటి పగలగొట్టింది, ఇంకొకటి పదార్థాన్నే మార్చింది.

పునాది అయ్యాక ఫ్లోరింగు రాయి ఏది వేయాలన్న చర్చ ఇంట్లో మొదలవుతుంది. ఈ ప్రాంతంలో చాలాకాలంగా తక్కువ ఖర్చుకు దొరికే రాయి తాండూరు బండ. బూడిద నీలం, లేత పసుపు రంగుల్లో వస్తుంది. తాండూరు ఇప్పుడు వికారాబాదు జిల్లాలో ఉంది, 2016 దాకా రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది. వంటగదిలో పొయ్యి పెట్టుకునే గట్టుకు మాత్రం ఎక్కువమంది గ్రానైటే వేయిస్తారు. ఎందుకు?

పదార్థపు ధర్మాలు రెండు రకాలన్న మాట ఇక్కడ అక్కరకొస్తుంది. తాండూరు బండ రంగు, బరువు, నునుపు, ఎంత సులువుగా పలకలుగా విడివడుతుంది, కాలు పెడితే ఎంత చల్లగా ఉంటుంది, ఇవన్నీ భౌతిక ధర్మాలు. చూసి, తాకి, తూచి తెలుసుకోవచ్చు. అంతా అయ్యాక బండ బండలాగే ఉంటుంది. కాని తాండూరు బండ సున్నపురాయి జాతిది. దానిలో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేటు. ఆమ్లం తగిలితే ఏమవుతుందన్నది దాని రసాయనిక ధర్మం. ఈ ధర్మాన్ని చూసి కనిపెట్టడం కుదరదు. రాతిని కొంత పోగొట్టుకుంటేనే తెలుస్తుంది. బాత్రూములు కడిగే యాసిడు చుక్క తాండూరు బండ మీద పడితే బుసబుసమని నురగ వస్తుంది. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడు. తుడిచి చూస్తే అక్కడ మెరుపు పోయి గరుకు మచ్చ మిగులుతుంది. అదే చుక్క గ్రానైటు మీద పడితే నురగ రాదు. చింతపండు పులుసు, నిమ్మరసం, వెనిగరు ఒలికే వంటగదిలో గ్రానైటు గట్టు నిలిచేది ఇందుకే. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే కనుక దాని మీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే మచ్చ పడుతుంది. తాండూరు బండలు వేసిన ఇంట్లో యాసిడుతో నేల కడిగేవాళ్ళు మురికితో పాటు రాతిని కూడా కరిగించుకుంటున్నారని తెలుసుకోవాలి.

తాండూరు రాతికి ఇంకో జీవితం ఉంది. ఆ పక్కనే కరన్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఉంది. ఆ నేలలోని సున్నపురాయి ఒక దారిలో వెళ్తే రంపం కింద పలకలై మన నేల మీదికి వస్తుంది. అది భౌతిక మార్పు. ఇంకో దారిలో వెళ్తే పొడై, బంకమట్టి వంటి వాటితో కలిసి బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడికి కాలి, క్లింకరై, జిప్సంతో కలిపి నూరితే సిమెంటు అవుతుంది. అది రసాయనిక మార్పు. ఒకే రాయి, రెండు వృత్తులు. పలకలో ఉన్నది సున్నపురాయే. బస్తాలో ఉన్నదానిలో మాత్రం ముఖ్యంగా కాల్షియం సిలికేట్లు, అల్యూమినేట్లు ఉంటాయి.

సిమెంటు రాకముందు ఈ దక్కను నేల మీద కట్టడాలను నిలబెట్టింది సున్నం. 1591లో కట్టిన చార్మినారు గ్రానైటు రాళ్ళను పట్టి ఉంచింది సున్నపు అడుసే. సున్నం కథ రసాయన శాస్త్రంలోనే ఒక పెద్ద మలుపు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోయి పొడిసున్నం మిగులుతుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే మిగిలేది 56 కిలోలు. 44 కిలోలు గాలిలో కలుస్తుంది. చూపుకు రాయి తెల్లరాయిగానే ఉండొచ్చు, తూకం మాత్రం నిజం చెబుతుంది. స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన ప్రయోగాల్లో చేసింది ఇలా తూచడమే. సున్నపురాయిలోంచి వెళ్ళిపోయే గాలి మామూలు గాలి కాదనీ, దాన్ని తిరిగి సున్నంలో కలపవచ్చనీ ఆయన తేల్చాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో లవోయిజియె తూకాన్నే ఆధారం చేసుకుని రసాయన శాస్త్రాన్ని కొత్తగా కట్టాడు. మార్పులో ఏదీ మాయం కాదు, తప్పించుకుపోయిన వాయువును కూడా పట్టి తూస్తే లెక్క సరిపోతుందని ఆయన చూపించాడు.

పొడిసున్నం మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో పల్లెల్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. కుండలో కుతకుతమని ఉడుకుతుంది, ఆవిరి లేస్తుంది, చెయ్యి పెడితే కాలుతుంది. కింద మంట లేదు, ఆ వేడి చర్యలోంచే వచ్చింది. ఆ తడిసున్నం గోడకు పూస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుంటూ తిరిగి కాల్షియం కార్బొనేటు అవుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద గాలిలోంచి తిరిగి తెచ్చుకుంటుంది. రాయి సున్నమై, సున్నం మళ్ళీ రాయి అయ్యే ఈ చక్రంలో ప్రతి మెట్టూ రసాయనిక మార్పే. వెనక్కి తిరిగితే భౌతికం అన్న సూత్రం ఇక్కడ కూడా నిలవదు.

ఇప్పుడు అసలు విషయం. ఇంటి స్లాబు.

స్లాబు వేసిన మరునాడు చాలామంది నోట వచ్చే మాట, ఎండ బాగా ఉంది, తొందరగా ఎండుతుంది అని. మట్టిగోడ విషయంలో ఈ మాట నిజం. మట్టిగోడలోని నీరు ఆవిరైపోతే గోడ గట్టిపడుతుంది. మళ్ళీ నీళ్ళు పోస్తే మెత్తబడుతుంది. అది భౌతిక మార్పు. సిమెంటు సంగతి పూర్తిగా వేరు. సిమెంటు ఎండి గట్టిపడదు. నీళ్ళతో చర్య జరిపి గట్టిపడుతుంది. కాల్షియం సిలికేట్లు నీటిని తమలోకి తీసుకుని కొత్త పదార్థంగా మారతాయి. కంటికి కనపడనంత సన్నని పోగులు పుట్టుకొచ్చి, కంపచెట్టు కొమ్మలు పెనవేసుకున్నట్టు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఇసుకనూ కంకరనూ పట్టేస్తాయి. ఆ చర్యలో సున్నం కూడా పుడుతుంది, వేడి కూడా పుడుతుంది. తన బరువులో నాలుగో వంతుకు దగ్గరగా నీటిని సిమెంటు శాశ్వతంగా తనలో కలుపుకుంటుంది. 50 కిలోల బస్తాకు దాదాపు 11, 12 లీటర్లు. ఆ నీరు ఎక్కడికీ పోదు, స్లాబులో రాయిగా ఉండిపోతుంది.

అంటే నీరు సిమెంటుకు ఆహారం. అది అందకముందే ఎండకు ఆవిరైపోతే చర్య సగంలో ఆగిపోతుంది. పైన చూస్తే స్లాబు తెల్లగా, గట్టిగానే కనిపిస్తుంది. గోరుతో గీస్తే పొడి రాలుతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా పోయిన బలం పూర్తిగా రాదు. మేస్త్రీలు స్లాబు మీద చిన్న చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలపడం, పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడపడం ఇందుకే. దాన్నే క్యూరింగ్ అంటారు. కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకైనా, వేడి పొడి వాతావరణంలోనైనా కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. రంగారెడ్డి జిల్లా ఏప్రిల్, మే ఎండలు ఆ రెండో కోవలోకే వస్తాయి. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు పరీక్షించడం ఆనవాయితీ. ఆ తర్వాత కూడా చర్య మెల్లగా సాగుతూనే ఉంటుంది.

ఇది ఎండటం కాదనడానికి గట్టి సాక్ష్యం నీళ్ళ కిందే దొరుకుతుంది. ఇంగ్లండు సముద్రంలో ఎడిస్టన్ అనే చోట, అలలు కొట్టే రాతి మీద దీపస్తంభం కట్టే పని 1750ల్లో జాన్ స్మీటన్ అనే ఇంజనీరు మీద పడింది. మామూలు సున్నం అక్కడ నిలవదు. ఏ సున్నం నీళ్ళలో కూడా గట్టిపడుతుందో వెతుకుతూ ఆయన రకరకాల సున్నపురాళ్ళు పరీక్షించాడు. బంకమట్టి కలిసిన సున్నపురాయి కాల్చితే వచ్చే సున్నం నీళ్ళలోనూ గట్టిపడుతుందని కనిపెట్టాడు. ఆ దీపం 1759లో వెలిగింది. ఆ దారిలోనే 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. నేటికీ ఆ పేరే వాడుకలో ఉంది.

అంత దూరం పోనక్కరలేదు కూడా. తుర్కయాంజాల్ మీదుగా పోయే ఈ రోడ్డే నాగార్జునసాగర్ ఆనకట్టకు చేరుస్తుంది. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట ప్రపంచంలోని అతిపెద్ద రాతి కట్టడపు ఆనకట్టల్లో ఒకటి. ఎత్తు సుమారు 124 మీటర్లు. వేల మంది కూలీలు చేతులతో రాళ్ళు కొట్టారు, మోశారు, పేర్చారు. రాళ్ళు కొట్టడం భౌతిక మార్పు. రాయికీ రాయికీ మధ్య వేసిన అడుసు గట్టిపడటం రసాయనిక మార్పు. కృష్ణ నీళ్ళను ఆపుతున్నది ఆ రెండూ కలిసి.

సిమెంటు బస్తాల విషయంలో జరిగే ఒక పొరపాటును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వానాకాలం తేమకు బస్తా గడ్డకడుతుంది. పారేయడం ఇష్టంలేక కొందరు సుత్తితో కొట్టి, జల్లించి, మాలులో కలుపుతారు. కొట్టడం భౌతిక మార్పు. గడ్డ పొడి అవుతుందే తప్ప, తేమతో జరిగిపోయిన రసాయనిక చర్య వెనక్కి రాదు. ఆ పొడి చూడటానికి సిమెంటులా ఉంటుంది, పట్టే గుణం మాత్రం చాలావరకు పోయింది. దాన్ని స్లాబులో, పిల్లర్లలో వాడకూడదు.

ఇల్లు పూర్తయింది. గృహప్రవేశం రోజు వచ్చింది. పంతులుగారు వచ్చారు, పొయ్యి మీద కొత్త గిన్నెలో పాలు పెట్టారు, హారతి పళ్ళెంలో కర్పూరం పెట్టారు.

కర్పూరం బిళ్ళ రెండు రకాల మార్పులనూ ఒక్క పళ్ళెంలో చూపిస్తుంది. డబ్బా మూత సరిగా పెట్టకపోతే కర్పూరం కరగకుండానే, నీరు కాకుండానే, చిన్నదైపోతూ చివరికి కనపడకుండా పోతుంది. ఘనపదార్థం నేరుగా ఆవిరి కావడం అది. దాన్నే ఉత్పతనం అంటారు. గదిలో వాసన వస్తోందంటే గాలిలో కర్పూరమే ఉందని అర్థం, పదార్థం మారలేదు. అగ్గిపుల్ల గీసి ముట్టిస్తే కథ మారుతుంది. కర్పూరం ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా, కొంత మసిగా మారిపోతుంది. ఆ మసిలో కర్పూరం లేదు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైఖేల్ ఫారడే పిల్లల కోసం 1860 డిసెంబరులో మొదలుపెట్టిన క్రిస్మస్ ఉపన్యాసాలు మొత్తం ఒక కొవ్వొత్తి మీదే సాగాయి. మైనం కరగడం, వత్తి మీదికి పాకడం, ఆవిరి కావడం భౌతిక మార్పులు. ఆ ఆవిరి మండటం రసాయనిక మార్పు. మన హారతి పళ్ళెం ముందు కూర్చుని కూడా ఆ పాఠం అంతా చెప్పవచ్చు.

పాలు పొంగాయి. పాలలోని మాంసకృత్తులు పైన మీగడ పొరలా కట్టి, కింద పుట్టిన ఆవిరిని తప్పించుకోనీయకుండా పట్టి ఉంచితే పాలు పైకి లేస్తాయి. మిగిలిన పాలు తోడుపెడితే పెరుగు, చిలికితే వెన్న, కాస్తే నెయ్యి. ఈ వరుసలో ఏది ఏ రకం? తోడుపెట్టినప్పుడు సూక్ష్మజీవులు పాలలోని లాక్టోజు అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, ఆ పులుపుకు కేసిన్ అనే మాంసకృత్తి పేరుకుంటుంది. తోడుకోవడం రసాయనిక మార్పు, పెరుగును తిరిగి పాలు చేయలేం. కవ్వంతో చిలికితే కొవ్వు బిందువులు ఒకదానికొకటి తగిలి ముద్దకడతాయి. ఆ కొవ్వు పెరుగులో ఉన్నదే, విడివడి పైకి వచ్చింది. అది భౌతిక మార్పు. వెన్న కాస్తే ముందు నీరు చిటపటలాడుతూ ఆవిరైపోతుంది, అదీ భౌతికమే. చివర్లో అడుగున గోధుమరంగు గోదావరి కట్టి, ఇల్లంతా కమ్మని వాసన కమ్ముతుంది. ఆ రంగూ ఆ వాసనా కొత్త పదార్థాలవి. వేడికి మాంసకృత్తులూ చక్కెరా కలిసి జరిపే ఈ చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ 1912లో వివరించాడు. దోసె ఎర్రగా కాలడంలోనూ, పల్లీలు వేయించడంలోనూ ఉన్నది ఇదే చర్య. నెయ్యి ఎప్పుడు దించాలో వాసన పట్టి చెప్పగలిగే గృహిణి రసాయనిక మార్పును ముక్కుతో కనిపెడుతున్నట్టే.

రంగు, వాసన, వేడి, బుడగలు రసాయనిక మార్పుకు గుర్తులని చెబుతారు. గుర్తులే, రుజువులు కావు. గోలీసోడా కొట్టగానే బుసబుస నురగ వస్తుంది. ఒత్తిడి పెట్టి నీళ్ళలో కరిగించిన వాయువు ఒత్తిడి పోగానే బయటపడింది, అంతే. అది భౌతిక మార్పు. ఈనో పొడి నీళ్ళలో వేసినా అలాగే నురగ వస్తుంది, అక్కడ మాత్రం సోడా ఉప్పూ ఆమ్లమూ కలిసి కొత్తగా వాయువును పుట్టించాయి. రెండింటిలోనూ వచ్చింది కార్బన్ డయాక్సైడే. కంటికి తేడా లేదు, వచ్చిన దారి వేరు.

రంగు ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. వేసవిలో మామిడి కొనేవాళ్ళు దీన్ని గమనించాలి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఇప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారంలో నడుస్తోంది. తుర్కయాంజాల్ వాళ్ళకు దగ్గరే. చెట్టున పక్వానికి వచ్చిన కాయ మాగేటప్పుడు లోపల పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, తోలులోని పచ్చదనం విరిగి పసుపు రంగు బయటపడుతుంది, గుజ్జు మెత్తబడుతుంది. ఇన్ని రసాయనిక మార్పులు కలిసి జరిగితే పండు. కాల్షియం కార్బైడు పెడితే అది తేమతో కలిసి ఎసిటిలీన్ వాయువును వదులుతుంది. తోలు పసుపెక్కుతుంది, లోపల మాత్రం పుల్లగా, గట్టిగా ఉండిపోవచ్చు. పారిశ్రామిక కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు కూడా ఉంటాయి. అందుకే మన ఆహార భద్రతా నిబంధనలు దాన్ని నిషేధించాయి. కాయలు తాముగా మాగేటప్పుడు వదిలే ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం దాకా వాడటానికి అనుమతి ఉంది.

కొత్త ఇంట్లో కాపురం మొదలైన కొన్ని వారాలకు ఇల్లాలికి ఒక సంగతి కంటపడుతుంది. బోరు నీళ్ళు కాచే గిన్నెలో అడుగున తెల్లటి పొర. నీరు మరిగి ఆవిరి కావడం భౌతిక మార్పుకు బడి పుస్తకంలోని మొదటి ఉదాహరణ. కాని బోరు నీళ్ళు మరిగే గిన్నెలో అదే సమయంలో ఇంకో పని కూడా జరుగుతోంది. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కరగని కాల్షియం కార్బొనేటుగా అడుగున పేరుకుంటుంది. తాండూరు బండలో ఉన్న పదార్థమే గిన్నె అడుగున తయారవుతోంది. అందుకే నిమ్మరసమో, వెనిగరో పోసి కాసేపు ఉంచితే ఆ పొర నురగలు కక్కుతూ కరుగుతుంది. గీజరు లోపల కూడా ఇదే పొర కట్టి కరెంటు ఎక్కువ ఖర్చు చేయిస్తుంది.

అన్నిచోట్లా గీత ఇంత స్పష్టంగా ఉండదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ మళ్ళలో సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు తీస్తారు. ఉప్పు కరగడం, తిరిగి పేరుకోవడం భౌతిక మార్పులని బడిలో చెబుతారు. లోతుగా చూస్తే ఉప్పు నీళ్ళలో సోడియం, క్లోరైడు అయాన్లుగా విడిపోతుంది, ఆ బంధాలు తెగుతాయి. చక్కెర అణువులు మాత్రం చెక్కుచెదరకుండా నీళ్ళలో విడిగా తేలుతాయి. తొలి ఏకాదశికి వేయించే జొన్న పేలాల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. గింజలోని నీరు ఆవిరై పగలగొట్టడం భౌతికం, ఆ వేడికి పిండిపదార్థమూ మాంసకృత్తులూ మారిపోవడం రసాయనికం. ఒకే చప్పుడులో రెండూ జరిగిపోతాయి.

ఇల్లు కట్టిన పాతికేళ్ళకు, ముప్పై ఏళ్ళకు ఈ పాఠంలో చివరి భాగం స్లాబు కింద కనిపిస్తుంది. కాంక్రీటులో సున్నం ఉండటం వల్ల అది గట్టి క్షారం, దాని పీహెచ్ 12.5కు పైన ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం ఇనుప చువ్వల మీద సన్నని రక్షణ పొర నిలుస్తుంది. కాని గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటులోకి మెల్లగా దిగి ఆ సున్నాన్ని మళ్ళీ కాల్షియం కార్బొనేటు చేస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి పడిపోతే పొర పోతుంది, తేమ తగిలితే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రెండింతల నుంచి ఆరింతల దాకా. లోపలి నుంచి తోసుకొచ్చే ఆ తుప్పే స్లాబు పెచ్చులను కింద పడేస్తుంది. చువ్వ వంచి కట్టడం భౌతిక మార్పు, బలానికి ఢోకా లేదు. తుప్పు మాత్రం చువ్వనే తినేస్తుంది.

కార్బన్ డయాక్సైడు ఎంత లోతుకు దిగిందో ఇంజనీర్లు ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లి చూస్తారు. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద చల్లితే క్షారం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. పారాణిలో, దిష్టి తీసే ఎర్రనీళ్ళలో పసుపు చేసే పని కూడా ఇదే జాతిది. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ మీద తడి పసుపు పెడితే ఎర్రబడేది ఆ సున్నం వల్లే.

ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు చేయవలసినవి మూడు. స్లాబు చువ్వల కింద కవర్ బ్లాకులు పెట్టించి, కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు చువ్వను కప్పేలా చూడాలి. మాలులో నీళ్ళు ఎక్కువ పోయనీయకూడదు, అదనపు నీరు ఆవిరై వదిలే సందుల్లోంచే తర్వాత గాలి దిగుతుంది. క్యూరింగ్ పూర్తి రోజులు చేయించాలి. కట్టిన ఇంట్లో ఉన్నవాళ్ళు బాత్రూము కింద స్లాబును అప్పుడప్పుడు తలెత్తి చూడాలి. చువ్వ ఉన్న వరుసలో గోధుమరంగు గీత కనిపిస్తే పెయింటుతో కప్పేయకూడదు. ముందు పైనుంచి నీళ్ళు కారడం ఆపించి, పెచ్చు కొట్టించి, చువ్వ తుప్పు గీకించి, ఆ తర్వాతే ప్లాస్టరింగ్ చేయించాలి.